బాగు చేసేది శరీరమే, చేయి అందించేది మందు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం



వానలు మొదలైతే మన బోరబండలో ప్రతి ఇంట్లోనూ ఒకరికైనా జలుబో, జ్వరమో ఉంటుంది. పిల్లవాడి ఒళ్లు వెచ్చబడగానే మనకు వచ్చే మొదటి ప్రశ్న, ఏ మందు వేస్తే రేపటికి తగ్గుతుందని. ఎల్లుండి యూనిట్ టెస్ట్ ఉంటుంది. ఆఫీసులో లీవులు అయిపోయి ఉంటాయి. హైటెక్ సిటీలో షిఫ్ట్ ముగించుకొని వచ్చిన తల్లిదండ్రులకు రాత్రంతా మేలుకొని కూర్చోవడం ఎంత కష్టమో మాకూ తెలుసు. అందుకే చాలామంది పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ తీసి పోస్తారు, లేదా పొద్దున్నే జ్వరం మాత్ర వేసి స్కూల్ వ్యాన్ ఎక్కిస్తారు.

ఈ నెల మహనీయుల పరిచయంలో మీకు చెప్పబోయేది డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి. ప్రపంచానికి ఎన్నో గొప్ప మందులు అందించిన మన తెలుగువారు ఆయన. 1948 ఆగస్టులో కన్నుమూశారు. ఆయన కనిపెట్టినవాటిని ఒక్కొక్కటిగా చూస్తే మనకు ఒక విషయం అర్థమవుతుంది. శరీరం తనను తాను బాగు చేసుకుంటుంది. దాని చేతిలో సరుకు అయిపోయినప్పుడో, శత్రువు బలం మరీ ఎక్కువైనప్పుడో మందు వచ్చి చేయి అందిస్తుంది. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు జ్వరం వచ్చిన పిల్లల్ని చూసుకునే తీరే వేరుగా ఉంటుంది.

మూడోసారికి పాసైన మెట్రిక్

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లలున్న ఇల్లు. తండ్రి రెవెన్యూ ఉద్యోగం మధ్యలోనే ఆగిపోవడంతో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే.

చిన్నప్పుడు ఆయన చదువులో మొదటి ర్యాంకు విద్యార్థి కాదు. పదమూడేళ్ల వయసులో కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఇంట్లోంచి బయల్దేరారు. పెద్దవాళ్లు పట్టుకొని వెనక్కి తెచ్చారు. రాజమండ్రిలో చదువుతుండగా దగ్గరివాళ్లు జబ్బులతో పోయారు, మనసు చెదిరింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి పాసయ్యారు. యూనిట్ టెస్టులో నాలుగు మార్కులు తగ్గాయని బెంగపడే మనం ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియెట్ అయ్యాక రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే జనానికి సేవ చేయవచ్చని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరి గారితో పెళ్లయింది. చదువు ఖర్చుకు మామగారు కస్తూరి సూర్యనారాయణ మూర్తి గారు అండగా నిలిచారు.

అవి గాంధీజీ పిలుపు మీద విదేశీ బట్టలు మానేస్తున్న రోజులు. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు గౌను వేసుకొని వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ డిగ్రీ దక్కలేదు, అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ చేతికొచ్చింది.

ఇంట్లోకి వచ్చిన జబ్బు

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది స్ప్రూ అనే జబ్బు. వేడి దేశాల్లో వచ్చే ఈ జబ్బులో చిన్నపేగు లోపలి పొర పాడవుతుంది. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు, నోరు పూస్తుంది, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. ఆ రోజుల్లో అల్లోపతిలో దానికి మందు లేదు. సుబ్బారావు గారి అన్నదమ్ములు ఇద్దరు రోజుల తేడాతో చనిపోయారు. తర్వాత అదే స్ప్రూ ఆయనకూ వచ్చింది.

ఆయన్ను ఆ జబ్బు నుంచి గట్టెక్కించింది మద్రాసులో పేరున్న ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారు. కోలుకున్నాక సుబ్బారావు గారు అక్కడి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం చెప్పారు. ఇల్లు చెదరగొట్టిన ఆ జబ్బుకు మందు కనిపెట్టాలన్న పట్టుదల అప్పుడే పుట్టిందని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు.

కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయం, మామగారి డబ్బు కలిపి 1922 అక్టోబరులో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణదేశాల వైద్యం చదువుతూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రి పోర్టర్‌గా పని చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేయడం ఆయన ఉద్యోగం. పగలు క్లాసు, రాత్రి ఆసుపత్రి. ఆ తర్వాత ఆయన మన దేశానికి తిరిగి రాలేదు, భార్యను మళ్లీ చూడలేదు. ఆయన విజయాల వెనక శేషగిరి గారు ఒంటరిగా గడిపిన ఏళ్లు కూడా ఉన్నాయి. అది మనం మరిచిపోకూడదు.

కండరంలో ఉన్న రీఛార్జ్

హార్వర్డ్‌లో ఆయన సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్ దగ్గర జీవరసాయన శాస్త్రంలో చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో నీలం రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో బయోకెమిస్ట్రీ విద్యార్థులు దాన్ని ఇప్పటికీ చదువుకుంటున్నారు.

ఆ కొలతతో కండరాన్ని పరీక్షిస్తుంటే ఎవరూ చూడని ఒక పదార్థం బయటపడింది. పేరు ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దాన్ని ప్రకటించారు. అప్పటికి శాస్త్రవేత్తలు కండరం కదలికకు లాక్టిక్ ఆమ్లమే మూలమని నమ్మేవారు. ఆ పరిశోధనకు 1922 నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. ఫాస్ఫోక్రియాటిన్ దొరికాక ఆ నమ్మకం కదిలిపోయింది. 1929లో ఫిస్క్, సుబ్బారావు గారు ఏటీపీ అనే మరో పదార్థాన్ని కూడా కండరం నుంచి వేరు చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. ఒంట్లోని ప్రతి కణం ఖర్చు పెట్టే చిల్లర డబ్బు లాంటిది ఏటీపీ.

దీన్ని మీ పిల్లల ఆటలో చూడండి. పీఈటీ సార్ విజిల్ వేయగానే మీ అమ్మాయి వంద మీటర్లు పరుగెత్తుతుంది. కండరంలో సిద్ధంగా ఉన్న ఏటీపీ రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. వెంటనే ఫాస్ఫోక్రియాటిన్ దాన్ని రీఛార్జ్ చేస్తుంది. అది సుమారు పది సెకన్లు ఆదుకుంటుంది. తర్వాత పాప ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని రొప్పుతుంది. అలా నిలబడిన కొద్ది నిమిషాల్లో శరీరం ఖాళీ అయిన నిల్వను తిరిగి నింపుకుంటుంది. బయట నుంచి ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు, ఆ కొద్ది నిమిషాలు ఆగనిస్తే చాలు.

విశ్రాంతి అంటే సోమరితనం కాదని, ఆ సమయంలో ఒళ్లు లోపల పని చేసుకుంటూ ఉంటుందని మనకు చూపించింది ఇలాంటి పరిశోధనలే.

ఆకుకూరలో ఉన్న సరుకు

1930లో ఆయనకు పీహెచ్‌డీ వచ్చింది. కానీ హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు. అక్కడి పరిశోధనలన్నిటికీ ఆయనే నాయకులయ్యారు. తర్వాతి ఎనిమిదేళ్లలో ఆ ప్రయోగశాల నుంచి వచ్చిన మందులు ఒక్కో దేశంలో లక్షల మందికి ఉపయోగపడ్డాయి.

మొదటిది ఫోలిక్ యాసిడ్. ఈ కథ మన దేశంలోనే మొదలైంది. 1928 తర్వాత లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టర్ బొంబాయి బట్టల మిల్లుల్లో పని చేసే గర్భిణుల్లో రక్తహీనత ఎందుకు వస్తోందో పరిశీలించారు. ఈస్ట్ సారం ఇస్తే వాళ్లు కోలుకున్నారు. అందులో ఏదో పోషకం ఉందని తేలింది, అదేమిటో తెలియలేదు. 1941లో అమెరికాలో పాలకూర నుంచి అలాంటి పదార్థాన్నే వేరు చేసి, ఆకు అన్న అర్థంలో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. సుబ్బారావు గారి బృందం 1945లో దాని నిర్మాణం కనుక్కొని, ప్రయోగశాలలో తయారు చేసింది. అప్పటి నుంచి అది అందరికీ అందే మందయింది.

మన ఒంట్లో ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. పోయినవాటి స్థానంలో ఎముకల్లోని మూలుగ సెకనుకు 20 లక్షలకు పైగా కొత్తవి తయారు చేస్తుంది. పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజులకోసారి కొత్తదవుతుంది. అంటే పోయిన ఆదివారం మీ పిల్లలు తిన్న బిర్యానీని అరిగించిన పేగు పొర ఈ ఆదివారానికి చాలావరకు మారిపోయి ఉంటుంది. ఇంత రిపేరు పని రాత్రీపగలూ నడుస్తుంటే మనకు తెలియనే తెలియదు. కొత్త కణం పుట్టాలంటే ఫోలిక్ యాసిడ్ ఉండాలి. అది లేకపోతే మేస్త్రి ఉన్నా సిమెంట్ లేని ఇల్లు కట్టినట్టే.

స్ప్రూలో జరిగేది సరిగ్గా ఇదే. పేగు పొర పాడైతే ఫోలిక్ యాసిడ్ ఒంటికి పట్టదు. అది పట్టకపోతే పేగు పొర కొత్తగా పుట్టదు. శరీరానికి బాగుపడే శక్తి ఉంది, కానీ సరుకు అందే దారి మూసుకుపోయింది. ఆయన సోదరులను ఏమీ వాడకుండా దానంతటదే తగ్గుతుందని వదిలేస్తే తగ్గేది కాదు. శరీరం బాగు చేసుకుంటుందన్న మాటకు ఇలాంటి హద్దు ఉంది. వైద్యం కావాల్సింది అక్కడే.

ఈ పత్రిక చదివే అమ్మల్లో చాలామంది కడుపుతో ఉన్నప్పుడు ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకొనే ఉంటారు. బిడ్డ వెన్నెముక, మెదడు రూపుదిద్దుకునే తొలి వారాల్లో ఫోలిక్ యాసిడ్ తక్కువైతే వెన్నులో లోపాలు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. అందుకే డాక్టర్లు గర్భం రాకముందు నుంచే దాన్ని మొదలుపెట్టమంటారు. ఆ చిన్న మాత్ర వెనక భీమవరం అబ్బాయి కష్టం కూడా ఉంది.

సగం పని శరీరానికే వదిలే మందులు

రెండోది ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి యాంటీబయాటిక్ అదే. సుబ్బారావు గారి ప్రయోగశాలలో చేరిన బెంజమిన్ డగ్గర్ అనే రిటైరైన వృక్షశాస్త్ర ప్రొఫెసర్, డెబ్బై దాటిన వయసులో మట్టి నమూనాల్లో వెతికి బంగారు రంగు సూక్ష్మజీవిని పట్టుకున్నారు. అందులోంచి వచ్చిన మందును 1948లో ప్రపంచానికి ప్రకటించారు. పెన్సిలిన్‌కు లొంగని ఎన్నో జబ్బులకు అది పనికొచ్చింది.

ఈ మందు పని చేసే తీరు గమనించండి. టెట్రాసైక్లిన్ చాలావరకు బ్యాక్టీరియాను చంపదు, పెరగకుండా ఆపుతుంది. మిగిలిన పని పూర్తి చేసేది మన తెల్ల రక్తకణాలే. వైరస్ మీద అయితే ఏ యాంటీబయాటిక్ కూడా పని చేయదు. పిల్లలకు వచ్చే జలుబులు, దగ్గులు ఎక్కువ వైరస్‌వే. వాటికి యాంటీబయాటిక్ పోస్తే జబ్బు తగ్గదు, పైగా ఒంట్లోని మంచి బ్యాక్టీరియా దెబ్బతింటుంది, చెడ్డ బ్యాక్టీరియా మందుకు అలవాటు పడుతుంది. టెట్రాసైక్లిన్ వల్ల పెరిగే పళ్ల మీద శాశ్వతంగా మచ్చలు పడతాయి కాబట్టి ఎనిమిదేళ్లలోపు పిల్లలకు మామూలుగా ఇవ్వరు. ఇంట్లో మిగిలిన సిరప్ ఎందుకు వాడకూడదో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

మూడోది హెట్రజాన్. బోదకాలు జబ్బుకు 1947లో వచ్చిన మందు. ఆయన పుట్టిన గోదావరి జిల్లాల్లో ఆ జబ్బు ఎంత పీడించిందో మీ తాతగార్లను అడగండి. ఫైలేరియా ఉన్న ప్రాంతాల్లో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి వేయించే డీఈసీ మాత్ర అదే. విచిత్రమేమిటంటే, గాజు గొట్టంలో పెట్టి చూస్తే ఈ మందు ఆ పురుగు పిల్లలను పెద్దగా ఏమీ చేయలేదు. మనిషి ఒంట్లోకి వెళ్లాకే పని చేస్తుంది, ఎందుకంటే మన రోగనిరోధక శక్తి దానితో చేయి కలుపుతుంది.

నాలుగోది వీటికి కొంచెం భిన్నం. కణాలు ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో ఒంట్లో ఒక లెక్క ఉంటుంది. రక్త క్యాన్సర్‌లో ఆ లెక్క తప్పుతుంది. పెరిగే కణాలకు ఫోలిక్ యాసిడ్ కావాలి కాబట్టి, దాన్ని పోలి ఉంటూ దాని పనిని అడ్డుకునే మందులు సుబ్బారావు గారి బృందం తయారు చేసింది. బోస్టన్‌లో పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్ వాటిలో అమినోప్టెరిన్‌ను బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. 1948లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. అది తాత్కాలికమే. కానీ అంతకుముందు ఆ జబ్బుకు ఆశే లేదు. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ను ఈ రోజుకూ పిల్లల బ్లడ్ క్యాన్సర్‌లో వాడుతున్నారు. శరీరం పొరపాటున తన కీళ్ల మీదే దాడి చేసే రుమటాయిడ్ జబ్బులో కూడా వారానికోసారి ఇస్తారు. మీ ఇంట్లో నాయనమ్మో, అమ్మమ్మో అది వాడుతూ ఉండవచ్చు.

ఆ జబ్బుకు ఈనాటి వైద్యం

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండెపోటుతో వెళ్లిపోయారు. వయసు 53. నోబెల్ రాలేదు, పేరు కోసం ఆయన ఎన్నడూ ముందుకు రాలేదు. 1995లో శతజయంతికి మన ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల విడుదల చేసింది.

నోబెల్ కంటే పెద్దదిగా నాకు అనిపించేది ఒకటుంది. ఈ రోజు ఎవరికైనా ఆ స్ప్రూ జబ్బు వస్తే డాక్టర్లు ముఖ్యంగా రెండు మందులు రాస్తారు. ఒకటి ఫోలిక్ యాసిడ్, రెండోది టెట్రాసైక్లిన్. కొన్ని నెలలు వాడితే పేగు పొర తిరిగి పుడుతుంది, మనిషి లేచి తిరుగుతాడు. ఆయన సోదరుల కాలంలో ఆ రెండూ లేవు; ప్రయోగశాలలో తయారు చేసిన ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్ కుటుంబంలోని మొదటి మందు ఆయన నడిపిన ప్రయోగశాల నుంచే వచ్చాయి. వాటిలో ఒకటి శరీరానికి సరుకు అందిస్తుంది. ఇంకొకటి శత్రువును ఆపి శరీరానికి సమయం ఇస్తుంది. పేగును తిరిగి కట్టుకునేది మాత్రం శరీరమే.

ఇంట్లో మనం ఏం చేద్దాం?

పిల్లలకు జ్వరం వచ్చిందంటే మెదడు ఒంటి వేడిని కావాలనే పెంచిందని అర్థం. ఆ వేడిలో చాలా క్రిములు నెమ్మదిస్తాయి, మన తెల్ల కణాలు చురుగ్గా పని చేస్తాయి. కాబట్టి మనం చేయాల్సింది సరుకు, సమయం ఇవ్వడం.

సరుకు అంటే నీళ్లు, మజ్జిగ, జావ, పప్పన్నం. మామూలు రోజుల్లో పాలకూర, తోటకూర, పెసలు, శనగలు, వేరుశనగలు. ఫోలిక్ యాసిడ్ ఎక్కువసేపు ఉడికితే తగ్గిపోతుంది, ఉడికించిన నీళ్లతో కొట్టుకుపోతుంది. అందుకని ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోయకుండా పప్పులోనే వాడండి.

సమయం అంటే నిద్ర, విశ్రాంతి. జ్వరం మాత్ర ఇబ్బందిని తగ్గిస్తుంది కానీ జబ్బును తీసేయదు. మాత్ర వేసి స్కూల్‌కు పంపితే మధ్యాహ్నానికి వేడి మళ్లీ వస్తుంది, పక్క బెంచీ పిల్లలకూ అంటుతుంది. జ్వరం తగ్గి ఒక రోజు గడిచాక పంపండి. పోయిన పాఠాలు మేము చెప్పుకుంటాం, టెస్టు మళ్లీ పెట్టుకోవచ్చు.

అలాగని చూస్తూ కూర్చోమని కాదు. మూడు నెలల్లోపు బిడ్డకు జ్వరం వచ్చినా, పిల్లలు ఆయాసపడుతున్నా, నీళ్లు తాగకపోతున్నా, మూత్రం తగ్గినా, ఫిట్స్ వచ్చినా, ఒంటి మీద మచ్చలు కనిపించినా, జ్వరం మూడు రోజులు దాటినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. డెంగీలో జ్వరం దిగిన తర్వాతే ప్రమాదం మొదలవచ్చు. అప్పుడు కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం, మత్తుగా పడి ఉండటం కనిపిస్తే ఆలస్యం చేయకండి. డెంగీ అనుమానం ఉన్నప్పుడు డాక్టర్ చెప్పకుండా ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకండి. డాక్టర్ యాంటీబయాటిక్ రాస్తే చెప్పినన్ని రోజులు పూర్తిగా వాడండి, రాయకపోతే అడిగి రాయించుకోకండి.

ఈ నెల పిల్లలతో కూర్చొని సుబ్బారావు గారి కథ చెప్పండి. రెండుసార్లు తప్పిన మెట్రిక్ గురించి కూడా చెప్పండి. ఎక్కడైనా గోకుపోయి రక్తం కారితే ఆ గాయాన్ని రోజూ చూపించండి. మొదటి రోజు గడ్డకట్టిన రక్తం, తర్వాత పొక్కు, పొక్కు ఊడాక కింద లేత గులాబి రంగు చర్మం. ఈ పనంతా వాళ్ల ఒళ్లే చేసుకుంటోందని చెప్పండి.